కొమ్మ తెగితే దారి తెగినట్టే

1960 వరకు మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. గీత మారింది గానీ కొండలు కదలలేదు. ఆ కొండల వరుసలో శేషాచలం అడవుల్లో దేవాంగ పిల్లి ఉంది. తమిళంలో తేవాంగు, దాదాపు మన పేరే! రాత్రిపూట తిరిగే ఈ ప్రాణి దూకేది కాదు. కొమ్మకు కొమ్మ తగిలితేనే ముందుకు పోతుంది. ఎండలు ముదిరితే చల్లని లోయకు చేరాలి. నడుమ చెట్లు కొట్టేస్తే ఎలా చేరుతుంది? 2022లో తమిళనాడు ప్రభుత్వం దీనికోసమే కడవూరు అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. మంచి పనే. అయితే మొన్న నాటిన మొక్క నిన్నటి చింతమానుకు సాటిరాదు. ఉపాధ్యాయులారా, వనమహోత్సవం నాడు మొక్కలు నాటించండి. ఊళ్లో నిలిచివున్న పెద్దచెట్ల లెక్క కూడా పిల్లలచేత రాయించండి. వచ్చే ఏడు మళ్లీ లెక్కపెట్టవచ్చు.