కిటికీకి కట్టే గుడ్డ

కొత్త ఇల్లు కట్టుకున్నా, ఫ్లాటు కొనుక్కున్నా గృహప్రవేశం కాగానే ఇంటిల్లిపాదికీ పట్టుకునే ఆలోచన కర్టెన్లు. కొట్టు నుంచి ఒకతను టేపు పట్టుకుని వస్తాడు. కిటికీ కిటికీకీ కొలతలు రాసుకుంటాడు. గుడ్డల నమూనాల పుస్తకం మీ ముందు పెడతాడు. గోడల రంగుకు ఏది నప్పుతుంది, మీటరు ఎంత, మడతలు ఎన్ని రావాలి అని గంటసేపు చర్చ జరుగుతుంది. "దీనికీ డాక్టరుకీ ఏమిటండీ సంబంధం?" అని మీరు అడగవచ్చు. ఉన్నది. ఆ వచ్చినతను కిటికీ వెడల్పు అడుగుతాడు గాని, ఆ గదిలో ఎవరు పడుకుంటారని అడగడు. ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి. గుడ్డ ఎంపిక అక్కడి నుంచి మొదలుకావాలి.

కర్టెన్ ఆపవలసినవి మూడు: ఎదుటివారి చూపు, ఎండ వేడి, నిద్రవేళ వెలుతురు. ఆపకూడనిది ఒక్కటే, గాలి. కాని చాలా ఇళ్లలో జరిగేది వేరు. ఖరీదు పెట్టి కుట్టించిన కర్టెన్ దుమ్ము కొట్టుకుపోతుందని, వాన జల్లుకు తడుస్తుందని కిటికీ రెక్కలే మూసేస్తారు. గుడ్డను కాపాడటానికి మనుషులకు గాలి లేకుండా చేసుకోవటమన్నమాట! కనుక రాడ్డు బిగించేటప్పుడే కిటికీకి రెండు పక్కలా జానెడు చొప్పున ఎక్కువ ఉండేలా చూడండి. కర్టెన్ లాగితే గోడ మీదికి పోవాలి, కిటికీ మొత్తం ఖాళీ కావాలి. డబ్బు సరిపోకపోతే ముందు దోమల జాలీ వేయించి, కర్టెన్ తరువాత చూసుకోండి. డెంగీ దోమ పగలే కుడుతుంది. చీకటిగా ఉన్న మూలల్లో, వేలాడే గుడ్డల వెనుక దాక్కుంటుంది. జాలీని కూడా పదిహేను రోజులకొకసారి తడిగుడ్డతో తుడవాలి. దుమ్ముతో కన్నాలు మూసుకుపోయిన జాలీలోంచి గాలి రాదు.

ఇక ఉబ్బసం ఉన్న పిల్లవాడి గది సంగతి. ఇంటి దుమ్ములో డస్ట్ మైట్స్ అనే ఎనిమిది కాళ్ల పురుగులు ఉంటాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు కనుక కంటికి ఆనవు. మన ఒంటి మీద నుంచి రాలే పొట్టు తిని, గాలిలోని చెమ్మతో బతుకుతాయి. వాటి విసర్జనం దుమ్ములో కలిసి ఊపిరితో లోపలికి పోతే, పడనివారికి తుమ్ములు, రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. వాటి ముఖ్య నివాసం పరుపు, దిండు. అయితే ఏళ్ల తరబడి ఉతకని మందపాటి కర్టెన్ కూడా దుమ్ము నిలవ చేసే గోదాము వంటిదే. ఈ గదికి వెల్వెట్టు వద్దు, కుచ్చులు వద్దు, రెండు మూడు పొరలు వద్దు. పలుచని నూలు గుడ్డ చాలు. 60 డిగ్రీల వేడినీళ్లను తట్టుకుంటుందా అని కొట్టులో అడగండి. ఆ వేడికి పురుగులు చస్తాయి. డ్రైక్లీనింగుకే ఇవ్వాలనే గుడ్డయితే ఈ గదికి పనికిరాదు. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి ముందే తడిపి ఆరేసి, తరువాత కుట్టించండి. దించి దులిపేటప్పుడు పిల్లవాడు గదిలో ఉండకూడదు. ఒక్క హెచ్చరిక: కర్టెన్ మార్చినంత మాత్రాన ఉబ్బసం పోదు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మానవద్దు. ఇది మందుకు తోడు మాత్రమే.

ఇంట్లో ఎవరికైనా క్షయ అని తేలితే చాలామంది చేసే మొదటి పని, ఆ మనిషిని వెనుక గదిలో పెట్టి, ఇరుగుపొరుగు చూడకుండా తెర కట్టి, కిటికీ మూయటం. ఇంతకంటే హాని మరొకటి లేదు. క్షయ క్రిములు గాలి ద్వారానే వ్యాపిస్తాయి. మూసిన గదిలో అవి గంటల తరబడి నిలిచి ఉంటాయి. తెరచిన కిటికీల మధ్య గాలి ఆడుతుంటే పలచబడి బయటికి పోతాయి. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ఫలితాలు 1959లో వెలువడ్డాయి. సక్రమంగా మందు వాడితే ఇంట్లో ఉండే రోగికీ శానటోరియంలో ఉండే రోగికీ గుణంలో తేడా లేదని, ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబంలో మిగతావారికి ముప్పు పెరగలేదని అవి చూపాయి. అందుచేత దాచవలసిన అవసరం లేదు. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం. డాక్టరు చెప్పినన్నాళ్లు మానకుండా వాడించండి. ఆ గదికి మాత్రం కిటికీలో సగం దాకా వచ్చే పొట్టి తెర చాలు. కింది సగం మరుగు ఇస్తుంది, పై సగం గాలి ఇస్తుంది.

పురిటి గది గురించి పెద్దలకు ఒక మనవి. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలు దీపం పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ చీకట్లో బిడ్డ ఒళ్లు పచ్చబడితే ఎవరికీ తెలియదు. పుట్టిన రెండు మూడు రోజులకు కొద్దిగా పచ్చదనం చాలామంది బిడ్డల్లో కనిపించి, తగ్గిపోతుంది. కాని మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులకు అరికాళ్లకు పసుపు దిగినా, బిడ్డ పాలు తాగక మత్తుగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆలస్యమైతే మెదడుకు, వినికిడికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. కిటికీ దగ్గర ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని ఊరుకోవద్దు. ఆసుపత్రిలో పెట్టే దీపాల చికిత్స వేరు. రోజుకు రెండుసార్లయినా తెర తీసి, పగటి వెలుతురులో బిడ్డ రంగు చూడండి.

ఈమధ్య పట్టణాల్లో కర్టెన్లకు బదులు బ్లైండ్లు పెట్టిస్తున్నారు. పలకలవైనా, చుట్టుకునే గుడ్డవైనా పైకీ కిందికీ లాగటానికి తాడో పూసల గొలుసో వేలాడుతుంటుంది. ఏడాది నుంచి నాలుగైదేళ్ల లోపు పిల్లలకు అది ఉరితాడు కాగలదు. మంచం మీదో సోఫా మీదో ఎక్కి ఆడుతూ మెడకు చుట్టుకుంటే అరవటానికి గొంతు రాదు. పక్క గదిలో ఉన్న తల్లికి చప్పుడే వినపడదు. కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. అమెరికాలో దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు వేలాడే తాడు ఉండకూడదని 2018 డిసెంబరులో కొత్త ప్రమాణం అమలుకు వచ్చింది. కొలతలిచ్చి చేయించుకునేవాటికి ఆ కట్టుబాటు 2024లో గాని రాలేదు. కనుక అక్కడ అద్దె ఇళ్లలో ఉంటున్న మీ పిల్లలకు కూడా ఈ మాట ఫోనులో చెప్పండి. మనుమలున్న ఇంటికి తాడు లేని రకమే తీసుకోవాలి. ఇప్పటికే ఉంటే తాడును గోడకు ఎత్తుగా మేకు కొట్టి బిగించి, మంచాన్ని, కుర్చీలను కిటికీకి దూరంగా జరపండి.

ఎండ సంగతి చూద్దాం. పడమటి కిటికీకి ఎంత మందపు కర్టెన్ వేసినా గది కాగుతూనే ఉందని చాలామంది విసుక్కుంటారు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ సగం పని చేసేసినట్లే. దానిని బయటే ఆపాలి. కిటికీ మీద సజ్జ, బయటి వైపున వెదురు తెర, లోపలి ఖరీదైన గుడ్డ కంటే ఎక్కువ మేలు చేస్తాయి. రెంటచింతల, రామగుండం వంటి పొడి ఎండల ఊళ్లలో తడిపిన వట్టివేళ్ల తడికలు గదిని బాగా చల్లబరుస్తాయి. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్లలో గాలిలో అప్పటికే చెమ్మ ఎక్కువ కనుక తడిక వల్ల లాభం తక్కువ, ఉక్క ఎక్కువ. అక్కడ గాలి ఆడటమే ముఖ్యం. మధ్యాహ్నం తెర దించి, సాయంత్రం బయట చల్లబడగానే రెక్కలన్నీ తీయండి.

వృద్ధుల గదిలో కర్టెన్ నేలకు జీరాడకూడదు. అంచు కాలికి తగులుకుని పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో అంతటితో మంచం పట్టేవారు ఎందరో. నేలకు రెండంగుళాల పైనే ఆపించండి. వారికి చూపు తగ్గి ఉంటుంది కనుక వెలుతురు ఎక్కువ కావాలి, కాని సూటిగా కంట్లో పడకూడదు. తెల్లని పలుచని గుడ్డ ఇందుకు సరిపోతుంది. ఇక వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్క కిటికీకి అసలు గుడ్డే వద్దు. నైలాన్, పాలియెస్టర్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఒకవేళ కాలితే 20 నిమిషాలు పంపునీళ్ల కింద పెట్టి, ఆసుపత్రికి వెళ్లండి. సిరా, టూత్‌పేస్టు పూయవద్దు. అతుక్కున్న గుడ్డను పీకవద్దు.

ఈసారి టేపు పట్టుకుని మనిషి వచ్చినప్పుడు గుడ్డల పుస్తకం తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. గదికొక వరుస రాసి, ఎదురుగా ఆ గదిలో ఎవరుంటారో రాయండి: ఆయాసపు పిల్లవాడు, బాలింత, తాతగారు, పాకే పాపాయి. తరువాత అతన్ని మూడు మాటలు అడగండి. ఇంట్లో వేడినీళ్లతో ఉతకవచ్చా? పూర్తిగా పక్కకు పోతుందా? తాడు ఎక్కడుంటుంది? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే రంగు మీ ఇష్టం. అందులో డాక్టరు తలదూర్చడు.