ఆంగ్లంలో స్వామ్యసంబంధ బోధన: షష్ఠి చూపే మార్గం

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరం నుండి 1 మొదలు 8 వరకు తరగతులలో ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని గ్రామీణ విద్యార్థులకు ఆ భాష ఇంటిలో వినబడేది కాదు. వారికి ‘హ్యావ్’ అనగా ‘కలిగియుండు’, ‘ఆఫ్’ అనగా ‘యొక్క’ అని వల్లె వేయించడం ఉభయభాషలకూ అపకారమని నా అభిప్రాయం.

‘నాకు ఇద్దరన్నలున్నారు’, ‘నా వద్ద పది రూపాయలున్నవి’, ‘నాకు జ్వరముగా ఉన్నది’. బంధుత్వం, వస్తుసాన్నిధ్యం, శరీరస్థితి అనే ఈ మూడింటిని తెలుగు వేరువేరుగా పలుకుతుంది. ఆంగ్లం మూడింటికీ ‘హ్యావ్’ అనే ఒకే క్రియను వాడుతుంది. అంతకంటె ముఖ్యమైన భేదం కర్తృత్వంలో ఉన్నది. తెలుగు వాక్యంలో అన్నలు కర్త. ఆంగ్లంలో ‘నేను’ కర్త. ఈ మార్పును వివరింపక ‘నేను ఇద్దరన్నలను కలిగియున్నాను’ అని వ్రాయిస్తే విద్యార్థికి ఆంగ్లం రాదు, తెలుగు చెడుతుంది.

ఈ వివరణకు సాధనం మనవద్దనే ఉన్నది. ‘మమ ద్వౌ భ్రాతరౌ స్తః’ అనే సంస్కృతవాక్యంలోనూ స్వామి షష్ఠిలో ఉండగా, భ్రాతలే కర్త. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘కు’ వర్ణకాన్ని షష్ఠిలోనే చేర్చాడు. ఆధునికులు దానిని సంప్రదానార్థకమని వ్యవహరించినా, ‘నాకు’ అనే రూపం ఇచట సంబంధబోధకమే గాని కర్తృబోధకం కాదని నా అభిప్రాయం.

నామసంబంధంలోనూ ఇట్టిదే. ‘ఇంటి తలుపు’, ‘రాముని పుస్తకం’, ‘బల్లకాలు’ అనేవాటికి ‘యొక్క’తో పనిలేదు. ఆంగ్లంలో ప్రాణివాచకాలకు ‘ఎస్’ ప్రత్యయం, అప్రాణివాచకాలకు ప్రాయికంగా ‘ఆఫ్’ వస్తాయి. ‘ఆఫ్’ వచ్చినచోట పదక్రమం తారుమారవుతుంది. ‘మా నాన్న’ అని మనమనేచోట ఆంగ్లేయుడు ‘మై ఫాదర్’ అని ఏకవచనం వాడతాడు. ఇక మహబూబాబాద్ తండాలలోని లంబాడీ బాలుని మాతృభాషలో ‘మారో’, ‘మారి’ అని స్వామ్యపదం సొత్తు లింగాన్ని అనుసరిస్తుంది. అతనికి ‘యొక్క’ అనే వివరణ పరభాషను మరొక పరభాషతో చెప్పడమే.

ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే బోధించాలనీ, మాతృభాషతో పోల్చడం అభ్యాసానికి అడ్డు అనీ కొందరి వాదం. కాని ఉపాధ్యాయుడు పోల్చకున్నా విద్యార్థి తన మనసులో పోల్చుకొనక మానడు. ఆ పోలిక తప్పుదారి పట్టకుండా చూడడమే బోధకుని కర్తవ్యం. విభక్త్యర్థవిచారం నేర్చిన ప్రాచ్యకళాశాలల పట్టభద్రులకు ఈ పనిలో విశేషమైన అర్హత ఉన్నది. బంధుత్వం, వస్తుస్వామ్యం, అవయవసంబంధం, శరీరస్థితి అనే నాలుగు శీర్షికల క్రింద తెలుగు, లంబాడీ, ఆంగ్ల వాక్యాల పట్టికను సిద్ధపరచి పాఠశాలలకు అందించడం మన కళాశాలలు వెంటనే చేపట్టదగిన కార్యం.