అప్‌డేట్‌ను ఆగమంటే తప్పా?

అప్‌డేట్ వచ్చిందా, మారు మాట్లాడకుండా వేసెయ్యాలి: ఎలక్ట్రిక్ కార్ల లోకంలో ఇదిప్పుడు వేదవాక్కు. వాయిదా వేసేవాడు చాదస్తుడు, లేదంటే టెక్నాలజీకి జడిసేవాడు. అమెరికాలో టెస్లా నడిపే మనవాళ్లు నలుగురు కలిస్తే, కొత్త వెర్షన్ ముందుగా ఎవరికొచ్చిందన్నదే గొప్ప. నాకు మాత్రం, బాగా నడుస్తున్న కారును ఇంకో నెల అలాగే నడవనిచ్చేవాడే వివేకిగా కనిపిస్తాడు.

2019 సంగతి తీసుకోండి. షాంఘైలో, హాంకాంగ్‌లో ఆగి ఉన్న మోడల్ ఎస్ కార్లు అంటుకున్నాక, బ్యాటరీ ఛార్జింగ్, వేడి నియంత్రణ పద్ధతులను సవరిస్తూ టెస్లా ఓ అప్‌డేట్ పంపింది. యజమానులు బుద్ధిగా వేసుకున్నారు. కొన్ని పాత కార్లలో బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీ తగ్గింది. దాంతో ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరమూ తగ్గింది. నిన్న వెళ్లిన ఊరికి ఇవాళ దారిలో ఆగి ఛార్జ్ పెట్టుకోవాలి. గొడవ కోర్టుకెక్కింది. 2021లో అమెరికాలో 1,743 కార్లకు కలిపి 15 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. ఎక్కువమందికి దక్కింది 625 డాలర్లు. ప్రాణాల కోసమే కదా తగ్గించారంటారా? కావచ్చు. ఆ ముక్క ముందే చెప్పి, ఇంత దూరం తగ్గుతుందని ఒప్పించి చేయడానికి అడ్డేమిటి?

అసలు డబ్బిచ్చి కొన్న బ్యాటరీ తాళం ఎవరి దగ్గరుందో 2017లోనే తేలిపోయింది. ఇర్మా తుఫాను వేళ ఫ్లోరిడాలో కొన్ని కార్ల బ్యాటరీలో దాచి ఉంచిన సామర్థ్యాన్ని కంపెనీ దూరం నుంచే విడుదల చేసింది. అందరూ మెచ్చుకున్నారు. అంత దూరం నుంచి ఇవ్వగల చెయ్యి తీసుకోనూ గలదని అప్పుడు ఎందరికి తట్టిందో!

ఇక 2021 డిసెంబరులో వచ్చిన టెస్లా సాఫ్ట్‌వేర్ వెర్షన్ 11. అద్దం మీది మంచు తొలగించే మీట అంతకుముందు తెర అడుగునే, వేలికి అందేచోట ఉండేది. దాన్ని మెనూ లోపలికి నెట్టారు. చలికాలపు ఉదయం, ముందు అద్దం మసకబారుతుంటే, రోడ్డు మీంచి చూపు తిప్పి మీట వెతుక్కోవాలి. ఆ మార్పు కావాలని ఏ డ్రైవరు అడిగాడు? జనం మండిపడ్డాక సర్దుబాటు చేశారు, అది వేరే మాట.

ఇది ఒక్క టెస్లా జబ్బే కాదు. 2023 నవంబరులో రివియన్ అనే మరో ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ పంపిన అప్‌డేట్‌తో కొన్ని కార్ల తెరలు నల్లబడిపోయాయి. తప్పుడు భద్రతా ధ్రువపత్రాలున్న ఫైలు వెళ్లిందని కంపెనీయే ఒప్పుకుంది. ఆ వారం వాయిదా వేసినవాడి తెర వెలుగుతూనే ఉంది.

ఎదుటి పక్షం దగ్గర బలమైన వాదన లేకపోలేదు. 2018లో టెస్లా మోడల్ 3 బ్రేకులు బాగా లేవని, వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తేల్చితే, ఒక్క అప్‌డేట్‌తో కారు ఆగే దూరం 19 అడుగులు తగ్గింది. 2023 డిసెంబరులో ఆటోపైలట్ రీకాల్ కింద ఇరవై లక్షల పైచిలుకు కార్లకు సవరణ వెళ్లింది. అలాంటివి వచ్చిన రోజే వేసుకోవాలి, నాకు అభ్యంతరం లేదు. పేచీ అంతా మూటకట్టడం దగ్గరే. కారుతున్న పైకప్పు బాగుచేయమని పిలిస్తే, వంటింటి గూళ్లు కూడా మార్చేసిపోయే మేస్త్రీ తీరిది. భద్రతా సవరణ కావాలంటే కొత్త తెర, కొత్త మెనూ, ఆటబొమ్మలు అన్నీ కలిపి మింగాలి. మింగాక కక్కే వీల్లేదు: పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారి యజమానికి లేదు.

ఐక్యరాజ్యసమితి వాహన నియమం 156 యూరప్‌లో అమల్లో ఉంది. అప్‌డేట్ దేనికో, ఏం మారుతుందో యజమానికి చెప్పాలంటుంది. అది మధ్యలో చెడితే పాత స్థితికి రావాలి, లేదా కారు సురక్షితంగా ఉండాలంటుంది. చెడకుండా పూర్తయినా, నచ్చకపోతే వెనక్కి వెళ్లే హక్కు మాత్రం అందులోనూ లేదు.

అందుకే కొందరు ఇంటి వైఫైకి కారును కలపడం మానేస్తున్నారు. చాలా అప్‌డేట్లు వైఫై ఉంటేనే దిగుతాయి మరి. సొంత కారుతో దొంగాట ఆడాల్సి రావడం ఎంత ఎబ్బెట్టు! అప్‌డేట్ ఉందని తెలిపాక వేసుకోవడం యజమాని బాధ్యతేనని టెస్లా వారంటీ పత్రంలో రాసి ఉంది. అంటే ఆగినందుకు రేపు వారంటీ దగ్గర పేచీ రావచ్చు. బాధ్యత ఇలా కాగితం మీద పెట్టినవాళ్లు భద్రతా సవరణను విడిగా పంపాలి, మిగతా మార్పులకు ‘వద్దు’ అనే మీట ఇవ్వాలి, అప్‌డేట్ వల్ల కారు వెళ్లే దూరం తగ్గితే ఎంత తగ్గుతుందో వేసేముందే తెర మీద రాయాలి.