గోలెం కడిగే పని



రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చాయంటే మీకు పండుగే కదా! మా ఇంట్లో ఆ రెండు రోజులూ పనుల పండుగ. మా మనమరాలు ఎనిమిదో తరగతి, మనమడు ఆరో తరగతి చదువుతున్నారు. శుక్రవారం రాత్రి భోజనాలు కాగానే వాళ్ల మామ్మ ఒక పాత నోటుపుస్తకం తీసి, చెయ్యవలసిన పనులన్నీ వరసగా రాస్తుంది. ఎవరికి ఏ పని కావాలో వాళ్లే ఎంచుకోవచ్చు.

ఈసారి పట్టికలో ఏమేం వున్నాయంటే: దుప్పట్లు వుతికి ఆరవెయ్యడం, బూజు దులపడం, పిండిమరకు వెళ్లి పిండి పట్టించుకు రావడం, నర్సీపట్నం వెళ్లి ఆనప, బీర, చిక్కుడు విత్తనాలు కొనుక్కురావడం, పెరట్లో పాదులు తవ్వడం, నీళ్ల గోలెం కడగడం.

నర్సీపట్నం పని నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకున్నారు. బస్సెక్కవచ్చు, బజారు చూడవచ్చు, మిగిలిన చిల్లరతో ఏదైనా కొనుక్కు తినవచ్చు. గోలెం కడగడం మాత్రం ఎవరికీ అక్కరలేకపోయింది. ప్రతి ఇంట్లోనూ ఇటువంటి పని ఒకటి వుంటుంది. చివరకు అది అమ్మ మీదనో, మామ్మ మీదనో పడుతుంది. (నేను బడిలో వున్నన్నాళ్లూ చూశాను: నల్లబల్ల తుడవమంటే పదిమంది లేచేవారు, మంచినీళ్ల కుండ కడగమంటే అందరూ పుస్తకాల్లోకి తలలు వంచేవారు.) అందుచేత ఈ నెల ఆ గోలెం సంగతే చెప్పుకుందాం.

మా గొలుగొండ మన్యపు కొండల అంచున వున్న వూరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆరుద్ర కార్తె దాటిందంటే వానలు జోరు అందుకుంటాయి. పెరట్లో విత్తనం పెట్టడానికి అదే అదను. దోమలకు కూడా అదే అదను!

శనివారం పొద్దున నేనూ మనమడూ గోలెం దగ్గరికి వెళ్లాం. అందులో పన్నెండు బిందెల నీళ్లు పడతాయి. వాడకం పోను సగం మిగిలివున్నాయి.

"తాతా, నీళ్లు తేటగానే వున్నాయి కదా! పైన నాలుగు బిందెలు పోస్తే సరిపోదూ?" అన్నాడు మావాడు.

"ఒక గాజుసీసా పట్టుకురా," అన్నాను.

సీసాను గోలెం అంచున ముంచి పైకి తీశాం. తేటగా కనిపించే ఆ నీళ్లలో సన్నటి దారప్ముక్కల్లాంటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. సీసాను కాస్త కదిలించేసరికి అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కు పోయాయి. కొంచెం సేపటికి ఒక్కొక్కటే మళ్లీ పైకి వచ్చాయి. ఎందుకు వచ్చాయంటారా? గాలి కోసం. వాటి తోక కొసను ఒక చిన్న గొట్టం వుంటుంది. ఆ గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయి. అందుకే అవి తలకిందులుగా వేలాడతాయి. వీటినే లార్వాలు అంటారు. ఇవి దోమ పిల్లలు.

ఆడదోమ ఒక్కసారికి సుమారు నూరు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు తయారు కావడానికే దానికి రక్తం కావాలి. మగదోమ ఎవరినీ కుట్టదు. పూలలోని తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. మన వైపు వానాకాలపు వెచ్చదనానికి గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగిలి లార్వా అవుతుంది. లార్వా నాలుగుసార్లు కుబుసం విడిచి, ఐదారు రోజుల్లో కామా గుర్తులాగా వంకర తిరిగిన ప్యూపా అవుతుంది. ప్యూపా ఏమీ తినదు. రెండు రోజుల తరవాత దాని వీపు పగిలి, రెక్కల దోమ బయటికి వచ్చి ఎగిరిపోతుంది. ఇదంతా ఎనిమిది, పది రోజుల వ్యవహారం.

ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. గోలెం ఏడు రోజులకొకసారి ఖాళీ చేస్తే రెక్కలు వచ్చేదాకా బతికే దోమ ఎన్ని? దాదాపు సున్న. పదిహేను రోజులకొకసారి చేస్తే? మొదటి వారంలో పెట్టిన గుడ్లు చాలావరకు దోమలై ఎగిరిపోయి వుంటాయి. అప్పుడు మనం కడిగేది వుత్త గోలేన్నే! మావాడు చెప్పినట్టు పైన నీళ్లు పోస్తే మరీ అన్యాయం. దోమ పిల్లలకు ఇల్లు విశాలం చేసినట్టే. అందుకే ఆరోగ్యశాఖవారు శుక్రవారం నాడు ఇంట్లో నీళ్ల పాత్రలన్నీ ఆరబెట్టమని చెబుతూ వుంటారు. రెండో శనివారం నెలకొక్కసారే వస్తుంది. గోలెం పని వారానికొకసారి వస్తుంది.

ఖాళీ చేస్తే చాలదు, తోమాలి. దీనికి కారణం వుంది. కాళ్ల మీద తెల్ల చారలున్న దోమను మీరు చూసే వుంటారు. దాని పేరు ఈడిస్. అది డెంగీ జ్వరాన్ని మోసుకు తిరుగుతుంది. పగటి పూట, ముఖ్యంగా పొద్దున్నా, పొద్దు వాలే ముందూ కుడుతుంది. ఈ దోమ గుడ్లను నీళ్లలో విడవదు. నీటి మట్టానికి కాస్త పైన, గోడకు అంటిస్తుంది. గోలెం ఎండినా ఆ గుడ్లు చావవు. నెలల తరబడి ఎండి వుండి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. కాబట్టి కొబ్బరిపీచు తీసుకుని, లోపలి గోడంతా, అంచు దాకా గట్టిగా రుద్దాలి. మావాడు మొదట గోలెం అడుగే తోమాడు. ఈ సంగతి చెప్పిన తరవాత అంచుకు తగులుకున్నాడు.

పోయిన ఏడాది వానాకాలంలో మా వీధిలో ఒక పిల్లవాడికి డెంగీ వచ్చింది. మావాడికి ఆటల్లో జోడీ. ఎముకలు విరిచినట్టు నొప్పులని ఏడ్చేవాడు. మూడు వారాలు బడికి రాలేదు. వాళ్ల నాన్న కూలిపని మానుకుని వాడి మంచం దగ్గరే కూచున్నాడు. వాడు బతికి బట్టకట్టాడు గాని, ఆ ఇల్లు అప్పులపాలయింది. ఆ ఇంటి వెనక ఒక పాత లారీ టైరు పడి వుండేది. దాన్నిండా వాననీళ్లు! టైరు, కొబ్బరిచిప్ప, పగిలిన కుండపెంకు, పూలకుండీ కింది పళ్లెం, కూలరు తొట్టి—ఈడిస్ దోమకు చెరువులతో పని లేదు, చారెడు నీళ్లు చాలు.

ఈ మాట ఒకప్పుడు పెద్ద పెద్ద ఇంజనీర్లకే తెలియదు. పనామా అనే చోట రెండు సముద్రాలను కలిపే కాలువ తవ్వడానికి 1881లో ఫ్రెంచివాళ్లు పూనుకున్నారు. పనివాళ్లు వేలమంది పచ్చజ్వరంతోనూ, మలేరియాతోనూ చనిపోయారు. ఆస్పత్రిలో రోగుల మంచాలెక్కకుండా చీమలను ఆపడానికి మంచంకోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారట. మన ఇళ్లలో తినుబండారాల బీరువా కాళ్ల కింద పెడతామే, అలాగే! ఆ గిన్నెల్లోనే దోమలు పుట్టి రోగులను కుట్టేవి. చివరకు ఫ్రెంచివాళ్లు ఆ పని వదులుకుపోయారు. పచ్చజ్వరాన్ని మోసేది కూడా ఈడిస్ దోమే. ఆ సంగతి రుజువైన తరవాత, 1901లో క్యూబా దేశపు హవానా నగరంలో గోర్గస్ అనే వైద్యుడు మనుషులను ఇంటింటికీ పంపి, నీళ్ల పీపాలు మూతలు వేయించాడు, అక్కరలేని నీళ్లు పారబోయించాడు. ఆ ఏడాదే హవానాలో పచ్చజ్వరం ఆగిపోయింది. తరవాత ఆయనే పనామాలోనూ ఆ పని చేయించాడు; 1914లో కాలువ తెరుచుకుంది. అంత గొప్ప కాలువ వెనక గోలేలు బోర్లించిన వాళ్ల శ్రమ కూడా వుందన్నమాట.

మలేరియా కథ వేరు. అది మన తెలుగునేల మీదనే తేలింది. 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు వుండేవాడు. దోమను కోసి, దాని కడుపు గోడను సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి వెదికేవాడు. వేసవి ఉక్క, పంకా విసిరితే దోమ ముక్కలు ఎగిరిపోతాయి, అందుకని పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే జ్వరరోగి దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు—దోమకు ఒక అణా! చివరకు ఆగస్టు 20న ఎనాఫిలిస్ జాతి దోమ కడుపులో రాస్‌కు మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. హుస్సేన్ ఖాన్‌కు అణాలే దక్కాయి. రాస్ పనిచేసిన భవనం బేగంపేటలో నేటికీ వుంది.

ఎనాఫిలిస్ లార్వాకు తోక గొట్టం లేదు. అందుచేత అది వేలాడదు, నీటి పైన చాపలాగా పడుకుంటుంది. సీసాలో చూసి మీరే పోల్చుకోవచ్చు.

గోలెం కడిగితే మలేరియా కూడా పూర్తిగా పోతుందని నేను చెప్పను. అలా చెప్పడం మోసం. మా పైనున్న కొండల్లో మలేరియాను మోసే దోమల్లో ఒక జాతి వాగుల అంచున, మెల్లగా పారే నీళ్లలో పెరుగుతుంది. వాగును బోర్లించలేం గదా! అక్కడ దోమతెరలు కావాలి, గోడలకు మందు కొట్టాలి, జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించుకోవాలి. మన్యపు జ్వరమంటే పూర్వం అందరికీ హడలు. 1879లో మొదలైన రంప పితూరీ గొలుగొండ కొండలకు కూడా పాకింది. దాన్ని అణచడానికి వచ్చిన పటాలాలను ఈ జ్వరాలు పట్టి పీడించాయి.

సరే, గోలెంలోని ఆరు బిందెల నీళ్లు ఏమయ్యాయి? మావాడు కాలవలోకి తోసెయ్యబోయాడు. ఆపాను. కాలవలో నీళ్లు నిలిస్తే ఆ లార్వాలు అక్కడ హాయిగా పెరిగి దోమలవుతాయి. పొడినేల మీద పోస్తే నీళ్లు ఇంకిపోతాయి, లార్వాలు ఎండి చస్తాయి. మనమరాలు అప్పటికే పెరట్లో ఆరు పాదులు తవ్వింది. మూరెడు వెడల్పు, మూరెడు లోతు. వాటిలో పశువుల గెత్తం, కాస్త బూడిద మట్టిలో కలిపి నింపింది. పాదుకొక బిందె చొప్పున ఆరు బిందెలూ సరిపోయాయి. సీసాలోని నీళ్లను కూడా చివరి పాదులోనే పోశాం. మీరు కొన్ని రోజులు సీసా వుంచి చూడదలిస్తే దాని మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టండి. ప్యూపాలు కనిపించిన రోజున ఆ నీళ్లను ఎండలో మట్టి మీద పారబోయండి.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ కలిసే నర్సీపట్నం వెళ్లి విత్తనాలు తెచ్చారు. (చిల్లరతో ఏం కొనుక్కు తిన్నారో మామ్మకు చెప్పలేదు.) ఆనప గింజ పెంకు గట్టిది కనక దాన్ని రాత్రి నీళ్లలో నానవేశాం. ఆదివారం పొద్దుటికి పాదుల్లో మట్టి చక్కగా పదునెక్కింది. బురదలో గింజ పెడితే కుళ్లిపోతుంది. అందుకే ముందురోజు నీళ్లు, మర్నాడు విత్తనం. వేలి కణుపు లోతున పాదుకు నాలుగేసి గింజలు పెట్టి, కోళ్లు కెలక్కుండా పైన ముళ్లకంప కప్పారు.

ఆనపకు తెల్లటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మొదట వచ్చేవన్నీ మగపూలే; అవి రాలిపోతుంటే కాపు లేదని బెంగపడి పాదు పీకకండి. కొన్నాళ్లకు ఆడపూలు వస్తాయి. వాటి అడుగున వేలెడంత ఆనపపిందె ముందే కనిపిస్తుంది.

"చిక్కుడు ఎప్పుడు కాస్తుంది తాతా?" అంది మనమరాలు.

పందిరి చిక్కుడుకు ఎండా వానా కాదు, పగటి పొడుగు ముఖ్యం. పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని అది పూయదు. ఇప్పుడు వేసినా, రెండు నెలల ముందు వేసినా చలికాలం వచ్చేదాకా తీగ సాగుతూనే వుంటుంది. అందుచేత దానికి పందిరి పెద్దదే కావాలి. వెదురు గడలు నాలుగు తక్కువయ్యాయి. వచ్చే ఆదివారం గోలెం కడగడం కాగానే వాటి కోసం వెళ్లాలి.