స్థానిక కోటా: మన పిల్లలు లోపలా, బయటా?

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామంది చూపు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కొలువుల మీదే. అందుకే 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించిన స్థానిక ఉద్యోగాల బిల్లును మనం మరిచిపోకూడదు. ప్రైవేటు కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు 50 శాతం, మిగతావి 70 శాతం స్థానికులకివ్వాలని అందులో ఉంది. నాస్కామ్, పరిశ్రమల పెద్దలు అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం రెండు రోజులకే పక్కన పెట్టింది.

స్థానికులంటే ఎవరు? ఇక్కడే పుట్టి, 15 ఏళ్లు ఈ రాష్ట్రంలో నివసించి, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవారు. ఇంట్లో ఏ భాష అని బిల్లు అడగలేదు. తరతరాలుగా ఇక్కడున్న మనం ఆ లెక్కలో స్థానికులమే.

చిక్కల్లా ఒకచోటే. పదో తరగతిలో కన్నడం ఒక భాషగా చదవనివారు విడిగా కన్నడ పరీక్ష పాసు కావాలి. మార్కుల కోసం కన్నడం మాన్పించి వేరే భాష ఇప్పించే తల్లిదండ్రులు ఇది ఆలోచించాలి.

బిల్లు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. సంఘం తరఫున మేము కోరేది ఇదే: బడిలో కన్నడం మాన్పించకండి, ఇంట్లో తెలుగు మానకండి.