మా నాలిక మీద ఎవడి సంతకం?

2019 నుంచి 2024 దాకా ఈ రాష్ట్రంలో జనం నోళ్లలో ఎక్కువగా నానిన కష్టం ఏంది? పట్టా ఇచ్చిన భూమికి హద్దురాయి లేకపోవడమా? రాయదొరువు కాడ ముఖద్వారం ఇసకతో పూడిపోయి పులికాట్‌లోకి సముద్రం నీళ్లు రాక, వల వేసినోడు వట్టి చేతుల్తో రావడమా? కాదు. కింగ్‌ఫిషర్ బీరు దొరక్కపోవడం! టీ అంగడి కాడ అదే గోడు, బస్సులో అదే గోడు, పెండ్లి పందిట్లో అదే గోడు. మా బడి స్టాఫు రూములో పీఆర్సీ గురించి కూడా అంత ఆవేశంగా మాట్లాడుకోగా నేను చూడలేదు.

సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒకసారి వరసగా చెప్తా. 2019 అక్టోబరులో సర్కారే మందు అంగళ్లు నడపడం మొదలుపెట్టింది. 4,380 అంగళ్లు తగ్గిస్తూ 2020 మే నాటికి 2,934కి తెచ్చింది. అదే మే నెలలో రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచింది. ధర పెంచితే తాగుడు తగ్గుతుందని చెప్పింది. ఆ తర్వాత అంగట్లో తెలిసిన సీసాలు మాయమై ఎప్పుడూ వినని పేర్లు వచ్చినాయి. బూమ్ బూమ్ అనే బీరు మీద రాష్ట్రమంతా జోకులేసుకున్నారు. తడ దాటితే ఆరంబాక్కం, అది తమిళనాడు. ఆడ టాస్మాక్ అంగట్లో తెలిసిన సీసా దొరుకుతుందని మా దిక్కు కుర్రోళ్లు సరిహద్దు దాటినారు. కూలికి పోయే దోవలోనే రుచికీ పోయినారు.

2024 ఎన్నికల్లో ఇది ఏకంగా ఓటు సమస్య అయింది. నాణ్యమైన మందు తక్కువ ధరకు ఇస్తామని మైకుల్లో చెప్పి గెలిచినారు. 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు అంగళ్లు తెరిచినారు. క్వార్టరు 99 రూపాయలకే అన్నారు. ఆ రోజు నా దగ్గర చదువుకున్న కుర్రోడొకడు ఎదురొచ్చి, "సార్, మన బ్రాండు వచ్చేసింది" అన్నాడు. ఆ మొహంలో వెలుగు పదో తరగతి పాసైన రోజు కూడా లేదు.

నా పేచీ ఆ "మన" అనే మాటతోనే.

ఆ సీసా మీద బొమ్మ లకుముకి పిట్టది. ఆ పిట్ట మాత్రం నిజంగా మనదే. అటకానితిప్ప పోయే రోడ్డులో కరెంటు తీగ మీద కూచుని, నీళ్లలోకి బాణం మాదిరి దూకి చేపను పట్టుకుపోతుంది. సీసా ఎవరిది? 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దొర దక్షిణాది బీరు కంపెనీలు కొన్నిట్ని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టినాడు. 1947లో విఠల్ మాల్యా చేతికి వచ్చింది. 2021 నుంచి దాని మీద పెత్తనం హైనెకెన్ అనే డచ్చి కంపెనీది. ట్యూబోర్గ్ డెన్మార్కు వాళ్లది. బడ్వైజర్, హేవర్డ్స్ 5000 బెల్జియం కంపెనీవి. మాలపల్లి కుర్రోడు "మన బ్రాండు" అని గుండె మీద చెయ్యేసుకుంటా ఉంటే, ఆ లాభం ఆమ్‌స్టర్‌డామ్‌లో లెక్క తేలుతుంది.

పోనీ, ఈ బ్రాండ్లన్నీ ఒకదాంతో ఒకటి పోటీ పడి మనకు మంచి సరుకు చవగ్గా ఇస్తన్నాయి అనుకుందామా? 2021 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన తీర్పు ఎంతమందికి గుర్తుంది? యునైటెడ్ బ్రూవరీస్, కార్ల్స్‌బర్గ్, బడ్వైజర్ కంపెనీ కలిసికట్టుగా ఏండ్ల తరబడి ధరలు మాట్లాడుకున్నాయని తేల్చి 873 కోట్లకు పైగా జరిమానా వేసింది. మొదట పోయి నిజం ఒప్పుకున్న బడ్వైజర్ కంపెనీకి జరిమానా మాఫీ అయింది. కుట్ర బయటపెట్టినోడికి మాఫీ ఉంది, కుట్రలో నష్టపోయినోడికి పైసా లేదు. ఈడ మనం "నాది కింగ్‌ఫిషర్", "నాది ట్యూబోర్గ్" అని బల్ల గుద్ది వాదించుకునే రోజుల్లో, ఆడ వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూచోనున్నారు.

తెలంగాణలో 2025 జనవరిలో ఏమైంది? సర్కారు బాకీ కట్టలేదు, ధర పెంచలేదు అని ఆ కంపెనీ సరఫరా ఆపేసింది. హైదరాబాదులో గగ్గోలు. కొద్ది రోజులకే మళ్లీ సరఫరా ఇచ్చింది. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. కంపెనీ, సర్కారు కొట్లాడుకున్నాయి, రాజీ పడినాయి. రాజీ ఖర్చు తాగేవాడు కట్టినాడు. అంతకు ముందు 2023లో జగిత్యాలలో ఒకాయన ప్రజావాణికి పోయి తమ ఊళ్లో ఆ బీరు అమ్మడం లేదని కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినాడు. పత్రికలన్నీ నవ్వుతా వేసినాయి. నాకు నవ్వు రాలేదు. ఆ అర్జీ పట్టుకునే చేతుల్లో, ఆ వరసలోనే, పింఛను రాని ముసిలామె నిలబడి ఉంటాది గదా.

ఇదంతా చదివి "సారుకు బీరు రుచి తెలీదు, అందుకే నీతులు చెప్తన్నాడు" అంటారని నాకు తెలుసు. నేను సన్యాసిని కాను. నాకు ఇష్టమైంది లైటు బీరు, బాగా చల్లంగా, పులికాట్ పీతల వేపుడుతో. బీరంటే బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడకబెట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి పులియబెట్టిన నీళ్లు. ఆ పూల చేదే బీరుకు అందం. కాకరకాయ కూర తినేవాడికి అర్థమయ్యే చేదు అది. సరే, నా రుచి నేను చెప్పినా. కానీ నాకు ఆ రుచి ఎట్లా వచ్చింది? నెల జీతం వచ్చినాక వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్జు వచ్చినాక వచ్చింది. మా నాయన ఎండలో మడి దున్ని వచ్చి తాగింది చేదు కోసం కాదు, నడుం నొప్పి తెలీకుండా పడుకోడానికి.

మా పల్లెల్లో అంగడి కిటికీ కాడ నిలబడి వినండి. "చేదు ఎట్లుంది, నురగ ఎట్లుంది" అని ఎవడూ అడగడు. "స్ట్రాంగా, లైటా?" ఒకటే ప్రశ్న. ఈ దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం స్ట్రాంగే. దీన్ని చూసి పట్నం పెద్దమనుషులు "మనోళ్లకు టేస్టు లేదు" అని మూతి విరుస్తారు. అది టేస్టు కాదయ్యా, ఎక్కం! కూలోడు ఒక్కో రూపాయికి ఎంత మత్తు వస్తుందో లెక్కేసుకుంటాడు.

నేను లెక్కల పంతులునే, ఆ లెక్క నేనూ వేసి చూపిస్తా. సీసా బీరు 650 మిల్లీలీటర్లు. లైటులో అయిదు శాతం ఆల్కహాలు అంటే ముప్పై రెండున్నర మిల్లీలీటర్లు. స్ట్రాంగులో ఎనిమిది శాతం అంటే 52. మరి 180 మిల్లీలీటర్ల క్వార్టరులో? 42.8 శాతం, అంటే 77. ఇప్పుడు ధర చూడండి. 77 మిల్లీలీటర్ల విషం 99 రూపాయలకే. అందులో సగం కూడా లేని లైటు బీరు అంతకంటే ఎక్కువ ధర. లివరుకు ఎక్కువ చేటు చేసేదాన్ని చవగ్గా పెట్టి, తక్కువ చేటు చేసేదాన్ని పైన పెట్టినారు. తర్వాత మమ్మల్ని చూపించి "వీళ్లకు ఘాటే కావాలి" అంటారు. మా నాలిక మీద సంతకం చేసింది మేం కాదు, ధర రాసినోడు.

ఐసు సంగతి కూడా చెప్పాల. బీరు వెచ్చంగా తాగితే గుర్రం ఉచ్చే (ఈ మాట అచ్చేస్తారో లేదో). దానికి చలవ పెట్టె కావాల. పులికాట్ ఒడ్డున ఐసు లేదా? ఉంది. లారీల్లో వస్తుంది. రొయ్యకు, చేపకు, మద్రాసు పోయే పీతకు ఐసు ఉంది. అవి పట్టిన యానాది మనిషి మటుకు మధ్యాహ్నం ఎండలో వెచ్చటి క్వార్టరు నీళ్లు కలపకుండా ఎత్తుతాడు.

మందుకు కూడా కులం మెట్లు కట్టిన దేశం ఇది. కల్లు తాగేవాడు కిందోడు, సారాయి తాగేవాడు తాగుబోతు, క్వార్టరు తాగేవాడు కూలోడు, బీరు తాగేవాడు పెద్దమనిషి, ఫారిన్ సరుకు తాగేవాడు దొర. మనోడు అక్షరమ్ముక్క నేర్చి నాలుగు రూపాయలు కండ్ల చూడంగానే ఎక్కాలనుకునే మొదటి మెట్టు బీరు సీసా. కాలేజీ పిల్లగాడు సీసాతో ఫోటో దిగి ఫోన్లో పెట్టుకుంటాడు. నేను వాణ్ని తిట్టను. రెండు గ్లాసుల హోటల్లో తాతలు బయట నిలబడి టీ తాగినారు. ఇప్పుడు ఏసీ బారులో అదే గ్లాసు, అదే బల్ల. అది సమానత్వం లాగే కనిపిస్తుంది, బిల్లు వచ్చిందాకా. బారులో పక్కన కూచోనిచ్చినోడు పొద్దున ఇల్లు బాడుగకిస్తాడా? అడిగి చూడండి. ఎన్నికల రాత్రి పంపకం చూడండి: పెద్ద వీధి కుర్రోళ్లకు బీరు కేసులు, మా వాడకు క్వార్టర్లు. ఓటు ఒకటే విలువ అని అంబేద్కర్ రాసిపెట్టినాడు, సీసా మాత్రం కులాన్ని బట్టే.

అంబేద్కర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మందు తాగను అనేది కూడా ఒకటి. అది మా జనాన్ని అసహ్యించుకుని చెప్పిన మాట కాదు. జీతానికి బదులు మందు పోసి పని చేయించుకునే పద్ధతి ఆయనకు బాగా తెలుసు. దాన్నే తిరుపతి కాడ కొండ పేరు చెప్పి మందు మానమనే పెద్దలు చెప్తే నేను వినను. వాళ్ల కారు డిక్కీలో ఏముంటదో నాకు తెలుసు.

మందు గురించి మాట్లాడే హక్కు ఈ రాష్ట్రంలో ఎవరికన్నా ఉంటే అది ఆడోళ్లకుంది. 1992లో దూబగుంట ఎక్కడ? మేం మొన్న 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసిందాకా మా నెల్లూరు జిల్లాలోనిదే. రాత్రిబడిలో అక్షరదీపం పుస్తకం పట్టుకున్న ఆడోళ్లు సారా అంగళ్లు మూయించినారు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు పూర్తి నిషేధం. 1997లో చంద్రబాబు నాయుడు ఎత్తేసినాడు. సారా మాత్రం పోయింది, దాని జాగాలోకి కంపెనీ సీసా వచ్చింది. ఆడోళ్లు అడిగింది తాగుడు పోవాలని. సర్కారు చేసింది చవక సరుకు తీసి ఖరీదు సరుకు పెట్టడం. అందుకే ఇప్పుడు బ్రాండు గురించి ఇంత లొల్లి. ఈ అయిదారేండ్లలో "నీకు ఏ బ్రాండు కావాల?" అని పార్టీలు అడగని మొగోడు లేడు. "నీ ఇంటి పక్కన అంగడి కావాల్నా?" అని అడిగిన ఆడమనిషి ఒక్కతి ఉందా?

అంగడి ఎవరికి వచ్చిందో కూడా చూడండి. 2024 లాటరీకి 89,882 అర్జీలు. ఒక్కో అర్జీకి రెండు లక్షలు, అంగడి తగలకపోయినా తిరిగి ఇయ్యరు. సీసా ఒక్కటి కూడా అమ్మకముందే సర్కారుకు దాదాపు 1,800 కోట్లు. రెండు లక్షలు గాల్లోకి ఎగరేసే మాదిగోడు మన మండలంలో ఎంతమంది? సూళ్లూరుపేట అసెంబ్లీ ఎస్సీ రిజర్వుడు సీటు, లాటరీ డబ్బా మాత్రం ఓపెన్ కేటగిరీ. గీత కులాలకు 340 అంగళ్లు వేరుగా ఇచ్చినారు, ఇయ్యాల్సిందే, చెట్టు ఎక్కి పడి చచ్చింది వాళ్లు. తెలంగాణలో 2021 నుంచి ఎస్సీలకు పది శాతం అంగళ్లు ఇస్తన్నారు, మనమూ అడగాలని కొంతమంది మిత్రులు అంటన్నారు. బంజరు గురించి అడిగే నోటితో బ్రాందీ అంగడి అడగడం నాకు మింగుడు పడదు. వేరే వాళ్లు వేరేగా రాస్తే ఇదే పత్రికలో వేసుకోనీ, నేను జవాబు చెప్తా.

ధర పెంచితే ఏమైందో, ధర తగ్గిస్తే ఏమైందో రెండూ చూసినాం. 2020లో అంగళ్లు మూసి ధర పెంచినారు. ఆ జూలై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయినారు. 2024లో ధర తగ్గించినారు. 2025 అక్టోబరులో పాత చిత్తూరు జిల్లా ములకలచెరువులో నకిలీ మందు తయారీ బయటపడింది. అంటే సర్కారు అంగడి పెట్టినా, ప్రైవేటు అంగడి పెట్టినా, విషం తాగేది మాత్రం ఆ చివర వాడలోనే.

ఫ్లెమింగో పండగ పేరుతో సూళ్లూరుపేటకు, నేలపట్టుకు జనం వస్తారు. పక్షుల్ని చూస్తారు, బీరు తాగుతారు, సీసా నీళ్లలోకి విసురుతారు. మోకాటి లోతు బురదలో చేత్తో తడిమి రొయ్య పట్టే యానాది ఆడోళ్ల వేళ్లు చూసినారా? గాజు పెంకు కోతలు. పగలని బీరు సీసాకు పాత సామాన్ల అంగట్లో రేటు ఉంది, కంపెనీ మళ్లీ కడిగి నింపుకుంటుంది. అందుకని గోనె సంచి భుజానేసుకుని సీసాలు ఏరే పిల్లలు మా బడి రిజిస్టరులో ఉండి, బడిలో లేరు. అట్లా ఒక పిల్లోణ్ని "ఏ బీరు సీసాకు ఎంత?" అని అడిగితే, నేను నేర్పని ఎక్కాలు గడగడా చెప్పినాడు.

"కూలోడి డబ్బు, వాడి ఇష్టం, నీకేంది?" అంటారు. ఇష్టమే అయితే నేను నోరు మూసుకుంటా. కానీ అంగడికి బడికీ గుడికీ మధ్య దూరం కొలుస్తారు. మా వాడకు దూరం కొలిచే టేపు లేదు. అసలు అంగడి మెయిన్ రోడ్డు మీద ఉంటే, దాని పిల్ల బెల్టు షాపు మా మాలపల్లి చివరి ఇంట్లో ఉంటది. అర్ధరాత్రి చేయి చాస్తే సీసా అందుతుంది. అదే రాత్రి కాన్పు నొప్పులొస్తే ఆటో అందదు.

వచ్చే గ్రామసభకు ఒక కాగితం రాసుకుని పోదాం. మన పంచాయతీలో బెల్టు షాపులు ఎన్ని, ఎవరి ఇండ్లలో, ఏ అంగడి నుంచి సరుకు వస్తుంది, ఇది మినిట్స్ పుస్తకంలో రాయమని అడగాల. పండగ రోజుల్లో సీసా తిరిగి ఇచ్చేదాకా డిపాజిట్టు పట్టమని అడగాల. ముఖద్వారం పూడిక ఎప్పుడు తీస్తారో తేదీతో అడగాల. ఆడోళ్లు ముందు వరసలో కూచోవాల, సంతకాలు వాళ్లవే ముందు పడాల. కాగితం నకలు ఒకటి మండలాఫీసుకు, ఒకటి ఎక్సైజు స్టేషనుకు, ఒకటి ఈ పత్రికకు.