చాంతిసిరి చైత్యము

విజయపురిలో లాంచి యెక్కి కృష్ణాజలముల మీదుగా నాగార్జునకొండ చేరితిమి. పైన మ్యూజియమున్నను మేము ముందుగా మహాచైత్యముకడకే నడచితిమి. బండిచక్రపుటాకులవలె ఇటుకగోడలు తీర్చిన కట్టడమది. 1927-31 నడుమ త్రవ్వకములలో దీని గర్భమున బంగారు భరిణెలో చిన్న యెముక తునక దొరకెను. దానిని సారనాథమునకు జేర్చిరి.

మూడవ శతాబ్దమున దీనికి స్తంభములు నిలిపినది ఇక్ష్వాకురాజగు శాంతమూలుని సోదరి చాంతిసిరి. సోదరుడు అశ్వమేధయాజి, సోదరి బుద్ధభక్తురాలు! ఒక్క కుటుంబముననే రెండును పొసగినవి. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెంటిని దలచి, తనకు నిర్వాణము గోరి ప్రాకృతమున శాసనము చెక్కించినది. మనము నోము పట్టునపుడు పుట్టినింటి నెందరము తలతుము? ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది.

అయిన నామె కట్టించిన చోటిది కాదు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని పురావస్తుశాఖవారు ముఖ్యమైన కట్టడములను కొండపైకి దెచ్చి మరల నిలిపిరి. పల్లెలవారు ఇండ్లు విడిచి వేరుచోట్లకు బోయిరి.

తిరుగు లాంచిలో, ఆమె చైత్యమున్న పాతచోటెక్కడయని సరంగు నడిగితిమి. అతడు మాటాడక నీటివైపు చేయి చూపెను.